గూడు కాచిన ఊళ్ళు
(సాలిం అలీ స్మారకోపన్యాసం)

ఇవాళ నేను చెప్పబోయే చరిత్రలో అసలు పాత్రధారులు పల్లెల నుంచి వచ్చి వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న రైతులు, మత్స్యకారులే.

పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ గారి పేరున జరిగే సభలో ఆయన జీవితం చెప్పడం మర్యాద. ఇక్కడున్న చాలామందికి అది తెలుసు కాబట్టి రెండు ముక్కల్లో ముగిస్తాను. 1896 నవంబరు 12న పుట్టారు, 1987లో కన్నుమూశారు. 1931లో హైదరాబాదు రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టి నిజాం ఏలుబడిలోని అడవులూ చెరువులూ తిరిగారు. తెలంగాణ పక్షుల గురించి పద్ధతిగా రాసిపెట్టిన తొలి సమాచారంలో పెద్ద భాగం ఆ సర్వేదే. ఇంతకన్నా ముఖ్యంగా ఇవాళ గుర్తు చేసుకోవలసింది ఆయన 1945 నాటి కచ్ ప్రయాణం. ఫ్లెమింగోలు మన దేశంలో ఎక్కడ తింటాయో అప్పటికే అందరికీ తెలుసు. అవి గుడ్లు పెట్టే చోట ఎన్ని ఉన్నాయి అన్న ప్రశ్నతో ఆయన కచ్ రణ్‌లోకి వెళ్ళారు. ఉప్పు బురదను చిన్న చిన్న దిబ్బలుగా పేర్చి కట్టిన గూళ్ళను లెక్కగట్టి, పెద్దవీ పిల్లలూ కలిపి ఐదు లక్షల దాకా పక్షులుంటాయని అంచనా వేశారు.

పక్షి కనబడిన చోట ఆగిపోకుండా గూడున్న చోటుదాకా వెళ్ళడం ఆయన పనిలో నాకు కనిపించిన గొప్ప గుణం. మన తీరపు పక్షుల చరిత్రను ఇవాళ ఆ దారిలోనే చూద్దామనుకుంటున్నాను.

పులికాట్ సరస్సుకు చలికాలంలో వేల ఫ్లెమింగోలు వస్తాయి. సూళ్ళూరుపేటలో వాటి పేరున పండగ చేస్తున్నాం. చేయవలసిందే. కానీ ఫ్లెమింగో ఇక్కడికి మేతకు వస్తుంది, గుడ్లు మాత్రం ఇక్కడ పెట్టదు. పులికాట్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో, కడప చెట్ల మీద గూడు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లల్ని పెంచి తీసుకుపోయేది గూడబాతు. పెలికన్ అని బడిపిల్లలకు తెలిసిన పక్షి. పై ముక్కు మీద చుక్కలు, కింద సంచి, బూడిదరంగు ఒళ్ళు, నాలుగు నుంచి ఆరు కిలోల బరువు. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడు కట్టేదీ, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో కట్టేదీ, కొల్లేటి అటపాకలో కట్టేదీ ఇదే. వీటితోపాటు ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు చోటును బట్టి చేరుతుంటాయి.

ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. పత్రికలు కూడా ఏటా విదేశీ అతిథులు వచ్చారని రాస్తాయి. ఈ నమ్మకం మనకు చాలా నష్టం చేసిందని నా అభిప్రాయం. గూడబాతు ప్రపంచంలో గూడు కట్టే చోట్లు చాలా కొద్ది. దక్షిణ భారతం, శ్రీలంక, కంబోడియా అంటే దాదాపు అయిపోయింది. ఒకప్పుడు ఫిలిప్పీన్స్‌లో విరివిగా ఉండేది. 1960ల నాటికి అక్కడ ఒక్కటీ లేకుండా పోయింది. బర్మాలో సిట్టాంగ్ నది మైదానంలో లక్షల కొద్దీ గూడబాతులు గూళ్ళు కట్టేవని 1877 నాటి సంగతిగా యూజీన్ ఓట్స్ అనే పక్షి పరిశోధకుడు రాశాడు. ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి ఆ కాలనీ లేదు. అంటే మన చెరువుల్లో పుట్టే గూడబాతు పిల్లలు ఆ జాతి మొత్తానికి మిగిలిన ఆస్తిలో పెద్ద వాటా. అతిథి అయితే పండగ చేసి పంపించవచ్చు. ఇవి ఇక్కడ పుట్టిన పక్షులు. వాటి పుట్టుక మన చెరువు తూము మీద, మన చెట్టు కొమ్మ మీద ఆధారపడి ఉంది.

గూడు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే తరవాతి చరిత్ర అర్థం కాదు. నేలపట్టులో అక్టోబరు వానలకు చెరువు నిండుతుంది. నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు పుల్లలు పేర్చి గూడు కడతాయి. మూడో నాలుగో గుడ్లు. దాదాపు నెల రోజుల పొదుగు. పిల్ల గూడు వదిలేసరికి మరో మూడు నుంచి ఐదు నెలలు. ఇంత కాలమూ చెట్టు కింద నీళ్ళుండాలి. నీళ్ళుంటే నక్క, కుక్క, పిల్లి, మనిషి దగ్గరికి రాలేవు. ఎండిన రోజున గూటికి కాపలా పోయినట్టే. ఇక తిండి ఆ చెరువులో సరిపోదు. పెద్ద పక్షులు పులికాట్‌కు, చుట్టుపక్కల చెరువులకు ఎగిరిపోయి చేపలు తిని వచ్చి సంచిలోంచి పిల్లలకు పెడతాయి. గూడు ఒక చోట, కంచం ఇంకో చోట. ఈ రెంటిలో ఏది చెడినా ఆ ఏడు పిల్లలు దక్కవు. మన ప్రభుత్వాలు ఈ మాటను ఇప్పటికీ పూర్తిగా పట్టించుకోలేదని ముందే చెప్పేస్తున్నాను.

ఇక చరిత్ర. దక్షిణాదిలో గూడు కాపలాకు రాతపూర్వకమైన తొలి ఆధారాల్లో ఒకటి మన పొరుగునే ఉంది. చెంగల్పట్టు దగ్గర వేదాంతంగల్. పద్దెనిమిదో శతాబ్దం చివర, లయొనెల్ ప్లేస్ కలెక్టరుగా ఉన్న రోజుల్లో, సైనికులు ఆ చెరువుకు వెళ్ళి కొంగల్ని కాల్చేవారు. ఊరివాళ్ళు కలెక్టరు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నారు. వాళ్ళ వాదన చాలా సూటిగా ఉంది. చెట్ల మీది పక్షుల రెట్ట చెరువులో పడుతుంది, ఆ నీళ్ళు పొలాలకు పారతాయి, ఆ నీళ్ళతో పండినట్టు మామూలు నీళ్ళతో పండదు. పక్షులు బెదిరి పోతే మా పంట పోతుంది, పంట పోతే మీ శిస్తు పోతుంది. కలెక్టరు కౌలు రాసిచ్చాడు. ఆ చెరువులో పక్షుల్ని ఎవరూ కాల్చకూడదు. 1858లో మరో కలెక్టరు ఆ హక్కును మళ్ళీ ఖాయం చేశాడు.

ఈ ఘటనను నేను చాలా గౌరవంతో చూస్తాను. ఆ రైతులకు పక్షుల మీద ప్రేమ లేదని కాదు, తప్పక ఉండి ఉంటుంది. కానీ వాళ్ళు దొర ముందు ప్రేమ సంగతి ఎత్తలేదు, తమ వాటా సంగతి ఎత్తారు. తరతరాలుగా పక్షి వాళ్ళ చెరువులో ఎరువు వేస్తోంది, వాళ్ళు పక్షికి చెట్టూ నీళ్ళూ కాపలా ఇస్తున్నారు. లెక్క ఇద్దరికీ సరిపోయింది. వాళ్ళు అడిగింది ఆ లెక్కను బయటివాడు చెడగొట్టకూడదనే.

మన వైపు అలాంటి కాగితం నా కంట పడలేదు కానీ సాక్ష్యం ఉంది. థామస్ జెర్డన్ అనే సైన్యపు డాక్టరు 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నాడు. కడప జిల్లా కలివికోడికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఆయనదే. నెల్లూరు జిల్లా జంతువుల గురించీ పక్షుల గురించీ ఆయనకు బోలెడు సంగతులు చెప్పినవాళ్ళు యానాదులు. వాళ్ళ పేర్లు ఆయన పుస్తకాల అట్టల మీద లేవు, అందుకే ఇక్కడ వాళ్ళ మాట ఎత్తుతున్నాను. 1860లలో అచ్చయిన తన గ్రంథంలో జెర్డన్ కర్ణాటక సీమలో, అంటే ఈ తూర్పు మైదానంలో, తాను చూసిన ఒక గూడబాతుల కాలనీ గురించి రాశాడు. ఊరి నడుమ, అంత ఎత్తు లేని చెట్ల మీద గూళ్ళు. అవి అక్కడ యుగాలుగా కడుతున్నాయని ఊరివాళ్ళు ఆయనతో అన్నారు. కింద మనుషులు తిరుగుతున్నా పక్షులకు బెదురు లేదు. ఆ ఊరి పేరు ఆయన చెప్పలేదు. 1902లో క్యాంబెల్ అనే ఆయన కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతులు గూళ్ళు కడుతున్నాయని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశాడు. మనిషి మసిలే చోట ఇంత పెద్ద పక్షి నిర్భయంగా పిల్లల్ని పెంచిందంటే, ఆ ఊరు దాన్ని ఎన్ని తరాలు ముట్టుకోకుండా ఉండి ఉండాలి!

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రపంచంలో తీరపు పక్షుల మీద గొప్ప విపత్తు నడుస్తోంది. తెల్లకొంగలకు గుడ్లు పెట్టే కాలంలోనే వీపు మీద సన్నటి కుచ్చు ఈకలు వస్తాయి. ఐరోపా, అమెరికాల్లో ఆడవాళ్ళ టోపీలకు అవి మోజు. కాబట్టి వేటగాళ్ళు గూళ్ళ మీదికే పోయేవారు. తల్లిని కాల్చి ఈకలు పీకి, గూటిలో పిల్లల్ని ఆకలికి వదిలేసేవారు. ఒక్క కాలనీని కాల్చేస్తే రెండు తరాలు ఒకేసారి పోయేవి. 1902లో భారత ప్రభుత్వం పక్షుల తోళ్ళు, ఈకల ఎగుమతిని నిషేధించింది. 1903 మార్చి 14న అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ఫ్లారిడా తీరంలోని పెలికన్ ఐలండ్‌ను పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించాడు. ఆ దేశంలో అలాంటి జాతీయ ఆశ్రయాల్లో అదే మొదటిది. అదీ గూడబాతు గూళ్ళ కోసమే. పాల్ క్రోగెల్ అనే పడవలు కట్టే మనిషి దానికి కాపలాదారు. 1905లో అదే ఫ్లారిడాలో గై బ్రాడ్లీ అనే మరో కాపలాదారును ఈకల వేటగాడు కాల్చి చంపాడు. తీరపు పక్షి గూటికి అడ్డం నిలబడి ప్రాణం పోగొట్టుకున్న ఆ మనిషిని ఈ సభ కూడా ఒక్క క్షణం తలచుకోవడం ధర్మం.

తరవాతి ఘట్టం మన గోదావరి జిల్లాలది. కె.కె. నీలకంఠన్ అని కేరళ పక్షిశాస్త్రవేత్త, ఇందుచూడన్ అనే పేరుతో మలయాళంలో పక్షుల పుస్తకాలు రాసిన రచయిత. పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల కాలనీని గమనించి, 1949లో బొంబాయి సొసైటీ పత్రికలో దాని మీద పెద్ద వ్యాసం రాశారు. దక్షిణాదిలో గూడబాతు గూళ్ళు దాదాపు అంతరించాయని పండితులు అనుకుంటున్న రోజుల్లో వచ్చిన వ్యాసమది. దాంతో అందరి చూపూ డెల్టా మీద పడింది. కొల్లేటి ప్రాంతంలో ఉన్నది దేశంలోకెల్లా పెద్ద కాలనీ అని తేలింది.

ఆ కాలనీ నిలవలేదు. ఆరేడు పరిసరాలు ఇప్పుడు చూస్తే కనుచూపు మేర చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఏం జరిగిందో చెప్పడానికి చాలామంది ఆక్వా సాగును ఒక్కదాన్నే వేలెత్తి చూపుతారు. నేను ఇంకొంచెం వెనక్కి వెళతాను. 1960ల తరవాత యూరియా బస్తా ప్రతి ఊరికీ వచ్చింది. వెనకాలే బోరుబావులు వచ్చాయి. రెట్ట నీళ్ళతో పంట బాగా పండుతుందన్న మాట అబద్ధం కాలేదు, అవసరం లేనిది అయింది. వేదాంతంగల్ రైతు దొర ముందు పెట్టిన లెక్క మన తీరమంతా చడీచప్పుడు లేకుండా చెల్లిపోయింది. పక్షి చేసిన తప్పేమీ లేదు. ఊరికి దానితో ఉన్న వాటా పోయింది. గూడబాతు తినే చేపకు కొత్తగా ధర వచ్చింది. నిన్నటిదాకా ఎరువు వేసిన పక్షి ఇవాళ చెరువులో చేప దొంగ. వలలు కప్పారు, టపాసులు పేల్చారు. ఎరువుల చరిత్ర రాసేవాళ్ళు ఈ పుట కూడా రాయాలని నా కోరిక.

ఈ మార్పు జరుగుతున్న రోజుల్లోనే చట్టం వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1976లో నేలపట్టు, పులికాట్ అభయారణ్యాలు. నేలపట్టు అభయారణ్యం 459 హెక్టార్లు. చెరువు, చుట్టూ చిట్టడవి, పక్కనే ఊరు. నేలపట్టు బతికి బట్టకట్టడానికి చట్టం సాయం చేసింది, ఒప్పుకుంటాను. కానీ చట్టం రాకముందు ఆ గూళ్ళను కాచినవాళ్ళు ఆ ఊరివాళ్ళు. ఏ ఏడు పక్షులు వస్తే ఆ ఏడు వానలూ పంటా బాగుంటాయని అక్కడి నమ్మకం. చెరువు కింద పొలాలున్న రైతు ఆ నీళ్ళ విలువ ఇప్పటికీ చెబుతాడు. నమ్మకం, వాటా రెండూ కలిసిన చోటుకు చట్టం వెళ్ళింది కాబట్టి పని చేసింది.

కొల్లేరులో జరిగింది వేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా పరుచుకున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది. 1970ల నుంచి ప్రభుత్వమే సహకార సంఘాలకు చేపల చెరువులకు అనుమతులిచ్చింది. పేద మత్స్యకారుల పేరున మొదలైన చెరువులు కొన్నేళ్ళలో డబ్బున్న కౌలుదారుల చేతికి పోయాయి. నీళ్ళు పారే దారుల్లో గట్లు లేచాయి. చిన్న వలతో, చిన్న పడవతో బతికినవాడికి సరస్సులో చోటు లేకపోయింది, పక్షికీ లేకపోయింది. 1999లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్సర్ గుర్తింపు వచ్చింది. అప్పటికే అందులో సగం కాపురాలు, పొలాలు, చెరువులు. 2006లో సుప్రీంకోర్టు నియమించిన సాధికార కమిటీ పట్టుబట్టడంతో ప్రభుత్వం గట్లు పేల్చేసింది. తిరిగి రెండేళ్ళకే, 2008లో, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. అప్పటి నుంచి ఆ తగాదా కొల్లేటి చాంతాడంత సాగుతూనే ఉంది.

కొల్లేరు విషయంలో నాది ఒక పక్షం కాదు. గట్లు పేల్చడం తప్పనిసరి అయింది, నీటి దారులు తెరవకపోతే సరస్సే ఉండదు. కానీ పేల్చిన రోజున నష్టపోయినవాళ్ళలో ఎక్కువమంది కౌలు డబ్బు మీద బతికే పేదలు. లాభాలు మూటగట్టుకున్నవాళ్ళు ఇంకో చోట చెరువులు తవ్వుకున్నారు. పేదవాడికి ప్రత్యామ్నాయం చూపించి ఉంటే కొల్లేటి ఊళ్ళలో పక్షి అంటే ఇంత కోపం ఉండేది కాదు. ఆ కోపం ఉన్నంతకాలం ఏ కాంటూరు గీతా గూటికి కాపలా కాయదు. అయినా అటపాకలో గూడబాతులు మళ్ళీ వచ్చాయి. చెట్లు చాలక అటవీశాఖ ఇనుప మంచెలు కట్టి నిలబెడితే వాటి మీదా గూళ్ళు పెట్టాయి. ఆ దృశ్యం చూసి సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. చెట్టు లేకపోయినా పర్వాలేదన్న అర్థం మాత్రం దాంట్లోంచి ఎవరూ తీయకూడదు. మంచె మీద నీడ లేదు. ఎండల్లో ఈక రాని పిల్లకు నీడ ప్రాణం.

ఉప్పలపాడు గురించి తక్కువ చెబుతాను, గుంటూరు వాళ్ళకు అది సొంతిల్లు. ఊరి మంచినీళ్ళ చెరువు పక్షుల పాలైతే ఊరు వేరే నీళ్ళు చూసుకుంది. చెరువును వాటికి వదిలేసింది. మంచినీళ్ళ చెరువు వదులుకోవడమంటే ఏమిటో కరువు చూసిన ఊళ్ళకే తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లాకు వద్దాం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదా, ఇతర చెట్ల మీదా గూళ్ళు కడతాయి. సెప్టెంబరుకు వస్తాయి, ఎండలు ముదిరేసరికి పిల్లలతో వెళతాయి. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటామని అలాంటి ఊళ్ళ పెద్దవాళ్ళు అంటారు. వాకిట్లో రెట్ట, చేపల నీచు వాసన, రాత్రంతా ముక్కుల చప్పుడు, అన్నీ భరిస్తూ అనే మాట అది. ఆ పక్షుల కంచం నౌపడ బీల. సముద్రపు పోటుకూ వాననీటికీ మధ్య ఉండే ఆ తంపర భూములు, ఉప్పు మళ్ళు, కాలువలు లేకపోతే తేలినీలాపురం చింతచెట్టు ఒట్టి చెట్టే. ఇలాంటి బీలలు బంజరు భూములని రాసుకున్న ప్రభుత్వాలు థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వాటిని కేటాయించాయి. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో బీల కోసం నిలబడ్డ జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. సోంపేట కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. చనిపోయినవాళ్ళు పక్షుల కోసం చనిపోలేదు. తమ వరి కోసం, తమ చేప కోసం, పశువుల మేత కోసం నిలబడ్డారు. కానీ కొంగ తినే బీలా వాళ్ళు తినే బీలా ఒక్కటే. ఉత్తరాంధ్ర తీరపు పక్షుల చరిత్ర రాసేవాడు ఆ చనిపోయినవాళ్ళ పేర్లను అభయారణ్యపు జీవోల కంటే ముందు రాయాలి.

తేలినీలాపురానికి ఈమధ్య మరో కష్టం వచ్చింది. 2021 చివర, 2022 మొదట్లో అక్కడ గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయాయి. కడుపులో నులిపురుగులు కారణమని పశువైద్యులు తేల్చారు. చేపల ద్వారా సోకే జబ్బు అది. గూటి కింద ఎంత కాపలా ఉన్నా, కంచంలోంచి వచ్చే రోగాన్ని కంచె ఆపలేదు.

పులికాట్ సంగతి కూడా అంతే. రాకెట్ కేంద్రం కోసం సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా రోడ్డు వేశారు, దీవిలో ఉన్న యానాది కుటుంబాల్ని కదిలించారు. 1971లో అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. దేశానికి అది గర్వకారణం, సందేహం లేదు. ఆ రోడ్డు సరస్సు నీటిని రెండుగా చీల్చిందన్నదీ సందేహం లేని మాటే. దానికి తోడు రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడిపోతూ ఉంటుంది. పోటు నీరు లోపలికి రాకపోతే సరస్సు ఉత్తరభాగం ఎండి పగుళ్ళు వేస్తుంది. చేప రాదు. మత్స్యకారులు ఆ పూడిక తీయమని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. ఆ అర్జీ మీద గూడబాతు కూడా వేలిముద్ర వేయగలిగితే వేసి ఉండేది. సరస్సు ఒడ్డున బురద నేలల మీద, ఉప్పు మళ్ళ గట్ల మీద గుడ్లు పెట్టే చిన్న పిట్టలున్నాయి. వాటికి చెట్టు లేదు, గూడంటే నేల మీద చిన్న గుంట. ఒక ట్రాక్టరు చక్రం, ఒక కుక్కల గుంపు చాలు. వాటికి పండగ లేదు, అభయారణ్యంలో వాటి పేరున ఒక బోర్డు లేదు. వచ్చే ఏడాది ఈ వేదిక మీద వాటి గురించి ఒక యువ పరిశోధకుడు మాట్లాడితే వినాలని ఉంది.

ఈ చరిత్ర చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. చేయవలసిన పనులు నాకు తోచినవి చెబుతాను.

అన్నిటికంటే తొందరపడవలసింది చెట్ల విషయం. ఒకే చెట్టు మీద ఏళ్ళ తరబడి గూళ్ళుంటే రెట్ట ఘాటుకు ఆకు మాడుతుంది, కొమ్మ ఎండుతుంది, చివరికి చెట్టు చస్తుంది. తుపాను వచ్చిందంటే పాత చింతలు కూలతాయి. 2018లో తిత్లీ ఉద్దానాన్ని ఏం చేసిందో శ్రీకాకుళం వాళ్ళను అడగండి. గూళ్ళు మోయగల చెట్టు నాలుగైదేళ్ళలో తయారు కాదు. ఇప్పుడున్న చెట్లు నిలిచి ఉండగానే వాటి వారసుల్ని నాటాలి. నేలపట్టులో కడప మొక్కలు చెరువు గర్భంలో ఎక్కడ నాటాలో వేసవిలో నేల బయటపడ్డప్పుడే తెలుస్తుంది. ఎక్కడ నీళ్ళు ఎంత లోతు నిలుస్తాయో ఊరి పెద్దవాళ్ళకు కంఠతా తెలుసు. వాళ్ళను అడగకుండా నాటిన మొక్కలు మొదటి వరదకే మునిగి చస్తాయి. తేలినీలాపురంలో చెట్లు జనం సొంత దొడ్లలో ఉన్నాయి. చెట్టు కొట్టకుండా ఉంచుకున్న ఇంటికి ఏటా కొంత సొమ్ము ఇవ్వడం ధర్మం, అది దానం కాదు.

అభయారణ్యపు హద్దు గూటి చుట్టూ మాత్రమే గీయడం మానాలి. ఏ కాలనీ పక్షులు ఎక్కడ తింటున్నాయో బొమ్మ గీసి, ఆ బీల, ఆ కయ్య, ఆ ముఖద్వారం గూటితోపాటు ఒకే కాగితంలో ఉండాలి. పులికాట్ పూడికతీత మత్స్యశాఖ పనా, నీటిపారుదల శాఖ పనా, అటవీశాఖ పనా అన్న వాదనలో ఎన్నో పిల్లల కాలాలు గడిచిపోయాయి.

సందర్శకుల టిక్కెట్ల సొమ్ములో, పండగ ఖర్చులో ఊరి పంచాయతీకి పేరు పెట్టి ఒక భాగం రావాలి. రెట్ట నీళ్ళ వాటా పోయిన చోట కొత్త వాటా కావాలి కదా. తమిళనాడు శివగంగ జిల్లా కొల్లుకుడిపట్టిలో పక్షులు బెదురుతాయని దీపావళికి టపాసులు కాల్చరు. పండగ నాడు పిల్లల చేతిలో కాకరపువ్వొత్తి లేకుండా చూసుకున్న ఆ ఊరికి మిగతా సమాజం ఎంతో బాకీ పడి ఉంది. మన ఊళ్ళకూ అలాగే బాకీ ఉన్నాం.

చివరగా నీళ్ళ లెక్క. ఈ అక్టోబరులో చెరువు నిండగానే తూము ఎప్పుడు తీయాలో తేల్చే సమావేశం ప్రతి ఊళ్ళోనూ జరుగుతుంది. ఆ సమావేశంలో ఆయకట్టు రైతుల పక్కన అటవీ రేంజరు కూర్చోవాలి. చెట్ల కింద మార్చి నెలాఖరు దాకా ఎన్ని అడుగుల నీళ్ళు నిలవాలో ముందు గుర్తు వేయాలి, ఆ గుర్తు తూము రాయి మీద రంగుతో అందరికీ కనబడాలి. ఆ పైనున్న నీళ్ళకే రెండో పంట ఒప్పుకోవాలి. వానలు తక్కువైన ఏడు ఆ గుర్తు వల్ల ఎవరి ఎకరాలు బీడుపడ్డాయో, వాళ్ళ జాబితా సంక్రాంతిలోగా పంచాయతీ గోడ మీద అంటించాలి. పరిహారం డబ్బు మిగతా పొలాల కోతలు మొదలయ్యేలోపు వాళ్ళ చేతికి అందాలి.